లోయవైపు బెంచీ

మా ఆయన నన్నెంత ప్రేమగా చూసుకున్నారో ఏమో గానీ, ఆ పాత జీపును మాత్రం నెత్తిన పెట్టుకున్నారు. డెబ్బైల్లో అరకులో మాకు కిరాణా కొట్టు ఉండేది. సంత రోజుల్లో ఆయన ఘాట్ రోడ్డు మీదుగా జనాన్ని శృంగవరపుకోటకు దించేవారు. ఆ జీపుకి ఒకటే రోగం. బ్రేకు తొక్కితే ఎడమకు లాగేది.

తొలి కాన్పుకి నేను ఆ కోటలోనే ఉన్న మా అమ్మ దగ్గరికి వెళ్ళాలి. వానలకు పట్టాల మీద బండలు పడి రైలు ఆగిపోయింది. ఇక మిగిలింది జీపే.

"ఇది తిన్నగా ఆగితేనే ఎక్కుతాను. లేదంటే ఇక్కడే కంటాను. మా అమ్మని చూడకుండా సస్తే ఆ పాపం మీదే!" అన్నాను.

పాపం, కొట్టు నామీద వదిలేసి పెరట్లోకి దిగారు. జీపును జాకీ మీద ఎత్తి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ లోపల బ్రేకు రాసుకునే చప్పుడు వినేవారు. కాస్త బిగించడం, మళ్ళీ వదులు చేయడం. ఎడమ చక్రం మీది స్ప్రింగు కమానులో విరిగిన పట్టీ మార్చారు. వెనక ఎదురెదురు బెంచీల మీద మనుషులకు బదులు బియ్యం బస్తాలు వేసి, తడిమట్టిలో తోలి గట్టిగా బ్రేకు తొక్కేవారు. టైర్ల గీతలు చూసి తీర్పు చెప్పడం నా పని.

"ఎడమ గీతే పొడుగు."

"నీ కళ్ళే వంకర!"

చివరికి రెండు గీతలూ సమానంగా పడ్డాయి. ఆ రోజు ఆయన మొహం చూడాలి, పెళ్ళిరోజున కూడా అంత వెలగలేదు.

సంతనాడు నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టారు. వెనక గంపలతో కొండ ఆడవాళ్ళు ఎక్కారు. మొదటి పెద్ద మలుపులో బ్రేకు తొక్కగానే జీపు ఎడమకు లాగి కొండగట్టును రాసుకుంటూ ఆగింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. వెనక్కి చూస్తే అందరూ కొండవైపు బెంచీ మీదే ఒకరి ఒళ్ళో ఒకరు! లోయవైపు గంపలు. బరువంతా ఎడమ పక్కకే. బస్తాలకేం, ఎక్కడ పెడితే అక్కడ కూర్చుంటాయి.

"కొందరు ఇటు కూకోండమ్మా," అని మా ఆయన బతిమాలారు.

"లోయకి ఈపు పెట్టి ఎవులు కూకుంతారు బాబూ? ఎనక్కి లాగేత్తాది!" అంది ఓ ముసలామె.

"అయితే ఇంటికి తిప్పేత్తాను," అన్నారాయన నీరసంగా. నాకు మా అమ్మ మొహం కళ్ళముందు ఆడింది. ఒళ్ళు మండిపోయింది. దిగి, వెనక్కెక్కి, గంపలు జరిపి లోయకు వీపు పెట్టి కూర్చున్నాను. "నన్ను లాగమనండి చూద్దాం!"

"ఓలమ్మో, కడుపుతో ఉన్న గుంట!" అంటూ ముసలామె వచ్చి నా పక్కన కూలబడి, నడుం చుట్టూ చెయ్యేసి బిగించి పట్టుకుంది. ఆమె వెనకే మరికొందరు వచ్చారు.

ఆ తర్వాత ప్రతి మలుపులోనూ జీపు తిన్నగా ఆగింది. "సూసేవా? సూసేవా?" అని మా ఆయన ముందునుంచి ఒకటే అరుపులు. ఆ అరుపు మళ్ళీ ఒక్కసారి వినిపిస్తే బాగుణ్ణని ఈ వయసులో ఏడుపొస్తుంది.

కోటలో మా అమ్మ జీపుకి ఎదురొచ్చింది. ముసలామె దారంతా చెయ్యి తీయలేదు. నాతోపాటే దిగింది.

"ఇదిగో నీ గుంట. అట్టుకో," అని మా అమ్మ చేతిని నా నడుం మీద పెట్టి, అప్పుడు తన చెయ్యి తీసింది.