మైలవరం ఈగలకి గవర్నర్‌పేట సంబంధం

మా కోడలు ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే నేను "కాలేజీలో పరిశోధనండీ" అని చెప్పి ఊరుకునేదాన్ని. మా అత్తగారు అలా ఊరుకునే మనిషి కాదు. "ఈగల్ని పెంచుతుందమ్మా" అని ఉన్నదున్నట్టు చెప్పేవారు. అవతలివాళ్ళు మొహం అదోలా పెడితే, "గేదెల్ని పెంచితే పాలిస్తాయి, కోళ్ళని పెంచితే గుడ్లు పెడతాయి. ఇవేమీ ఇవ్వవు. అయినా దీనికి నెలనెలా జీతం ఇస్తున్నారు, ఎవరో మహానుభావులు" అని ముగించేవారు.

నా చదువు అయిదో తరగతితో ఆగిపోయింది. కానీ చెవిన పడింది మర్చిపోను. కోడలు వంటింట్లో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ చెప్పినవన్నీ గుర్తే. అరటిపండు మిగలపండితే దాని మీద ముసురుతాయే, ఆ చిన్న ఈగలు. వాటికి రెండు వారాలు గడిస్తే ఒక తరం గడిచినట్టు. తరాలు మారేకొద్దీ ఒక వంశం ఎలా మారుతుందో మనుషుల్లో చూడాలంటే మనం బతికుండం, ఈగల్లో అయితే కళ్ళ ముందే చూడొచ్చు అనేది.

పెళ్ళయిన ఏడాది తనని మైలవరంలో మా పుట్టింటికి తీసుకెళ్ళాను. కొత్త కోడల్ని చూద్దామని వచ్చిన ఆడవాళ్ళంతా వరండాలో కూర్చుంటే, తను సీసాలో మగ్గిన అరటిపండు ముక్క పెట్టుకుని మామిడితోటలో కూర్చుంది. ఆ తోటలో దొరికిన ఒక తల్లి ఈగ సంతానం మైలవరం వంశం. ఇక్కడ బెజవాడ గవర్నర్‌పేటలో పళ్ళబండి దగ్గర దొరికిన ఇంకో తల్లి సంతానం గవర్నర్‌పేట వంశం. ఇలాంటివే మరికొన్ని. ఒక్కో వంశాన్నీ విడిగా గాజు గొట్టాల్లో పెట్టి, మూతిలో దూది కుక్కి, ఏళ్ళ తరబడి సాకుతోంది. ఎండ వేడికి ఏ వంశం తట్టుకుంటుంది, ఏది సోలిపోతుంది, ఎందుకలా అన్నది తను తేల్చాల్సిన సంగతి. మైలవరం వాళ్ళే గట్టివాళ్ళని తేలుతున్నట్టు చెప్పినప్పుడు నేను పైకేమీ అనలేదు గానీ ఆ రోజు పప్పులో నెయ్యి ఒక చెంచా ఎక్కువే వేశాను.

కిందటి మే నెలలో కాలేజీలో ఈగల గది ఏసీ పాడైంది. బాగుచేసే అతను రేపొస్తా, ఎల్లుండొస్తా అంటున్నాడు. బెజవాడ ఎండకి ఆ గదిలో ఉంచితే అన్ని వంశాలూ ఒకేసారి పోతాయి. అందుకని కోడలు గొట్టాలన్నీ సర్దుకుని పటమటలో మా ఇంటికి తెచ్చేసింది. ఏసీ ఉన్నది అబ్బాయి, కోడలు పడుకునే గదిలోనే. అబ్బాయి చొక్కాల అర ఖాళీ చేసి వాటిని పెట్టింది.

"నా గదిలో నేనే అద్దెకున్నట్టుందమ్మా" అన్నాడు వాడు.

"నీకన్నా అవే గొడవ చెయ్యకుండా ఉంటున్నాయి లేరా" అన్నారు మా అత్తగారు.

ఆ నెలాఖరుకి పైనుంచి పెద్ద ప్రొఫెసర్లు వస్తారు. వంశాలు కలుషితం కాకుండా, దేనికది ఉన్నాయని వాళ్ళకి నమ్మకం కుదిరితే కోడలి ఉద్యోగం ఇంకొన్నాళ్ళు నడుస్తుంది. లేదంటే అంతటితో సరి. ఇంట్లో అందరికీ ఈ సంగతి తెలుసు. అందుకే ఈగల మేత మా పొయ్యి మీద ఉడుకుతున్నా ఎవరూ కిక్కురుమనలేదు. మొక్కజొన్న పిండి, బెల్లం, ఈస్ట్ కలిపి ఉడికిస్తుంటే వాసన వీధి చివరికి పోయేది. పక్కింటావిడ గిన్నె పట్టుకునే వచ్చింది.

"ఏం స్వీటండీ, ఇంత కమ్మగా ఉంది?"

"మాక్కాదండీ, ఈగలకి" అన్నాను. ఆవిడ గిన్నె కొంగు చాటున దాచుకుని వెళ్ళిపోయింది.

అంతా బాగానే జరుగుతుండగా ఒక సాయంత్రం మా అత్తగారు కాఫీ తాగుతూ అడిగారు.

"ఏమే పిల్లా, ఒక గొట్టంలో ఉన్నవాళ్ళు ఒకళ్ళకొకళ్ళు ఏమవుతారు?"

"అన్నాచెల్లెళ్ళు, అక్కాతమ్ముళ్ళు, మామ్మగారూ."

"మరి పెళ్ళిళ్ళో?"

"వాళ్ళలో వాళ్ళకే."

ఆవిడ గ్లాసు కింద పెట్టేశారు. "మేనరికమంటే సరే, మనిళ్ళల్లోనూ ఉన్నాయి. తోడబుట్టినవాళ్ళకా?"

"బయటివాళ్ళు కలిస్తే వంశం చెడిపోతుందండీ."

"ఇంతకన్నా చెడేదేముందే! అదీ నా దేవుడి గదికి ఇవతలి గోడన!"

కోడలు నవ్వేసి లేచింది. నేనూ నవ్వాను. ఆవిడ మాత్రం నవ్వలేదు.

మర్నాడు మధ్యాహ్నం కోడలు కాలేజీకి వెళ్ళింది. నేనూ మా ఆయనా కునుకు తీస్తున్నాం. కోడలు ఈగల్ని గొట్టం మార్చడం అత్తగారు రోజూ చూస్తూనే ఉన్నారు. గొట్టాన్ని అరచేతి మీద తడితే ఈగలు అడుక్కి పడతాయి, దూది తీసి కొత్త గొట్టం మీద బోర్లించి మళ్ళీ తడితే అందులోకి దిగుతాయి. ఆవిడ ఆ పని అచ్చు అలాగే చేశారు. కాకపోతే మైలవరం వాళ్ళందర్నీ గవర్నర్‌పేట వాళ్ళ గొట్టాల్లోకి దింపి, ఖాళీ గొట్టాలు కడిగేశారు.

సాయంత్రం కోడలు వచ్చి తలుపు తీస్తే అరలో ఆ గొట్టాల ప్రతి దూది ఉండకీ పసుపు, దాని మీద కుంకుమ బొట్టు ఉన్నాయి.

"మామ్మగారూ, ఇదేంటి?"

"శుభకార్యం" అన్నారు ఆవిడ నిండుగా. "పిల్లది మైలవరం, పిల్లాడిది గవర్నర్‌పేట. మీ అత్తని నేను తెచ్చుకున్నదీ మైలవరంనుంచే, మన కొట్టుండేదీ గవర్నర్‌పేటలోనే. ఇన్నేళ్ళలో ఏం లోటొచ్చింది?"

కోడలు నేల మీద కూర్చుండిపోయి గొట్టాల వంక చూస్తోంది.

"మళ్ళీ విడదియ్యరాదూ?" అన్నాను.

"ఎవరెవరో ఎలా తెలుస్తుందత్తయ్యా? చూడ్డానికి అందరూ ఒకటే. ఈపాటికి గుడ్లు కూడా పెట్టుంటాయి."

"అప్పుడే!" అన్నారు అత్తగారు. ఆ గొంతులో సంతోషం దాచుకోలేకపోయారు. తర్వాత కోడలి కళ్ళు చూశారు. "నీ ఉద్యోగానికి అడ్డమొస్తుందా ఏంటే?" అన్నారు మెల్లగా. ఆ రాత్రి ఆవిడ అన్నానికి రానన్నారు.

కాసేపటికి కోడలు లేచి ఫోను తీసింది. ఈ పనిలో ఉన్నవాళ్ళకి ఒక అలవాటుందట. తమ దగ్గరున్న ప్రతి వంశంలోంచి ఒక గొట్టం స్నేహితులకి పంపి, వాళ్ళనీ పెంచుతూ ఉండమంటారు. ఎవరింట ఏం జరిగినా ఇంకొకరింట మిగులుతుందని. నాకు వెంటనే అర్థమైంది. మన పెరుగు పాడైపోతే పక్కింటికెళ్ళి ఇంత తోడు తెచ్చుకోమూ? కానీ బెంగళూరు స్నేహితురాలు ఫోను ఎత్తితేగా. మూడోసారికి ఎత్తింది. ఆ పిల్లది గుడివాడే.

"మైలవరం ఉందా?" అంది కోడలు, నమస్కారమైనా లేకుండా.

"ఉంది. గవర్నర్‌పేటా ఉంది. ఏమైంది?"

"పెళ్ళైంది" అని కోడలు ఏడుస్తూ నవ్వింది.

అదృష్టం కొద్దీ ఆ అమ్మాయి ఆ వారమే ఊరికి వస్తోంది. స్టేషన్‌కి మేమందరం ఏసీ కారు మాట్లాడుకుని వెళ్ళాం. అత్తగారు వద్దన్నా వినకుండా ముందు సీట్లో కూర్చున్నారు. ఆ అమ్మాయి స్టీలు క్యారియర్ పట్టుకుని దిగింది. పై గిన్నెలో మైలవరం గొట్టాలు, కింద గిన్నెలో గవర్నర్‌పేటవి. మూత తీసి చూస్తే అన్నీ చలాకీగా ఉన్నాయి.

"ప్రయాణం బాగా జరిగిందా?" అని అత్తగారు అడిగింది ఆ అమ్మాయినో ఈగల్నో నాకు ఇప్పటికీ తెలియదు.

ప్రొఫెసర్లు వచ్చే వేళకి కాలేజీ ఏసీ బాగైంది. వేడి పెట్టి చూస్తే గవర్నర్‌పేట వాళ్ళు ముందు సోలిపోయారు, మైలవరం వాళ్ళు నిలబడ్డారు, ఎప్పటిలాగే. జరిగింది కోడలు దాచలేదట. పసుపు బొట్ల సంగతి విని ఒక పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకునేంతగా నవ్వాడట. ఆ తర్వాత ఆయనే గుచ్చి గుచ్చి అడిగాడట, బెంగళూరు గొట్టాలు కల్తీ లేనివని ఏంటి నమ్మకమని. ఆ అమ్మాయి దగ్గర వాటిని ఎలా సాకారో, ఎలా పరీక్షించారో కోడలు ఒక్కొక్కటీ చూపించింది. ఉద్యోగం నిలబడింది. ఆ కబురు విన్నాకే అత్తగారు ధైర్యంగా పెరుగన్నం కలుపుకున్నారు.

ఇప్పుడు ప్రతి వంశంలోంచి ఒక గొట్టం మా ఇంట్లో కూడా ఉంటుంది, తాళం వేసిన అరలో. ఆ తాళంచెవి కోడలు తీసుకెళ్ళి మా అత్తగారి చేతిలోనే పెట్టింది. "అదేంటే, దొంగ చేతికి..." అని మా ఆయన అనబోతే, "మామ్మగారి దగ్గరుంటే ఇంకెవరూ ముట్టరు, మామయ్యగారూ" అంది. అన్నట్టే అయింది. ఆవిడ దాన్ని మొలకి కట్టుకున్నారు. మొన్న మా ఆడపడుచు చూస్తానని అర దగ్గరికెళితే, చెయ్యి అడ్డం పెట్టారు.

"అక్కణ్ణించే చూడు. వాళ్ళ పద్ధతులు వేరు, మధ్యలో మనమెవరం?"