బంద్ రోజు సున్నపు గోడ కోసం: దిల్‌సుఖ్‌నగర్ నుంచి పాత సరాయి దాకా

అబ్దుల్లాపూర్‌మెట్ అవతల ఉన్న పాత సరాయి, అంటే ఒకప్పటి బాటసారుల సత్రం, చూడాలని మీలో ఎవరైనా అనుకుంటుంటే ఇది చదవండి. దారి చెబుతాను, ఖర్చు చెబుతాను, మధ్యమధ్యలో తిడతాను కూడా. పోయిన నెల తెలంగాణ బంద్ రోజున అక్కడికి వెళ్లొచ్చాను. ఆ కోపం ఇంకా దిగలేదు.

నేను పాత కట్టడాల మరమ్మతు పని నేర్చుకుంటున్నాను. ఆరు నెలల శిక్షణ. చివర్లో పరీక్ష ఆ సరాయి గోడ మీదే. మేం నలుగురం, తలా నాలుగడుగుల గోడ ముక్క. కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలిపిన సున్నం పూసి, దాని మీద గోనెసంచులు వేలాడదీసి వారం రోజులు ఆరనివ్వకుండా తడపాలి. ఆరితే పగులుతుంది, పగిలితే ఫెయిల్. పాసైన వాళ్లకి ఒక పాత కోట బాగుచేసే పనిలో ఉద్యోగం ఖాయం. పూసి నాలుగు రోజులైంది, కాపలా మనిషి తడుపుతున్నాడులే అని ధైర్యంగా ఉన్నాను. బస్సులు ఆగిపోతాయని అతను బంద్‌కి రెండు రోజుల ముందే ఊరికి వెళ్లిపోయాడట. ఆ సంగతి నాకు బంద్‌కి ముందు సాయంత్రం తెలిసింది. రెండు రోజుల ఎండకి ఆ గోడ ఏమై ఉంటుందో తలచుకుంటే నిద్ర పట్టలేదు.

మామూలు రోజుల్లో ఇది తేలికైన ప్రయాణం. దిల్‌సుఖ్‌నగర్‌లో షేర్ ఆటో ఎక్కితే పది రూపాయలకి ఎల్బీనగర్, అక్కడ విజయవాడ వైపు బస్సు ఎక్కితే ముప్పావు గంటలో అబ్దుల్లాపూర్‌మెట్. ఆ రోజు పొద్దున ఏడింటికి రోడ్డు మీదికి వస్తే ఒక్కటే ఆటో ఉంది, అదీ గోడవారగా నిలబెట్టి ఉంది. రెండొందలు ఇస్తానన్నాను. డ్రైవర్ సీట్లోంచి లేవలేదు. "అద్దాలు వలగ్గొడ్తరమ్మా. ఐదొందలిచ్చినా రాను" అన్నాడు. నడిచాను. చైతన్యపురి, కొత్తపేట దాటి ఎల్బీనగర్ చౌరస్తా చేరేసరికి గంటకు పైనే పట్టింది, చెప్పు తెగింది.

చౌరస్తాలో వంటావార్పు. రోడ్డుకి అడ్డంగా రాళ్లపొయ్యిలు, పెద్ద గంజుల్లో అన్నం, జెండాలు, పాటలు. మా నాన్నది నల్గొండ జిల్లా, తెలంగాణ రావాలని నాకూ ఉంది. అయినా ముందుకి వెళ్లే ప్రతి బండినీ ఆపుతున్న కండువా మనిషి మీద ఒళ్లు మండింది. నా కోసం ఒక్క బండి వదలమని అడిగాను.

"ఒక్క దినం ఆగితే ఏమైతది చెల్లె? తెలంగాణ కోసం గంత మాత్రం ఓపిక పట్టరాదా?"

"నేను ఆగుతనే అన్నా. సున్నం ఆగదు."

"ఏం సున్నం? ఇల్లు గడుతున్నవా?" అని నవ్వాడు.

నేను గొంతు పెంచాను, అతనూ పెంచాడు. పొయ్యి దగ్గర గరిటె తిప్పుతున్న పెద్దామె లేచి వచ్చింది. "గా పిల్లను జర తిననియ్యిరా. తిన్నంక కొట్లాడుకోండ్రి" అని నా చేతిలో ఉప్మా విస్తరి పెట్టింది. తింటూనే ఆమెకి గోడ సంగతి చెప్పాను. ఆమె బియ్యం ఖాళీ చేసిన గోనెసంచులు నాలుగు మడిచి ఇచ్చింది. "తడిపి ఏస్కో బిడ్డా. మా ఊర్ల పాత గోడలు గట్లనే బతికినయి" అంది. ఆ రోజు మొత్తం మీద నాకు కోపం రానిది ఆమె ఒక్కరి మీదే.

పాల బండ్లని మాత్రం పోనిస్తున్నారు. ఖాళీ క్యాన్లతో వెనక్కి పోతున్న బండిని ఆమే ఆపి నన్ను ఎక్కించింది. డ్రైవర్ నలభై తీసుకున్నాడు. హయత్‌నగర్ దాటాక రోడ్డంతా బోసిగా ఉంది. అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక కుడివైపు మట్టిరోడ్డు వస్తుంది, అక్కడ దిగి పావుగంట నడవాలి. నీడ లేదు, టోపీ తెచ్చుకోండి.

సరాయిలోకి అడుగు పెట్టేసరికి పదిన్నర. నా గోడ ముక్క తడిగా, నున్నగా, ఒక్క పగులూ లేకుండా ఉంది. ప్రాణం లేచొచ్చింది. దగ్గరికి వెళ్లి చూస్తే రంగు తెలుపు కాదు, బూడిద. చెయ్యి పెట్టి చూశాను. సిమెంట్.

సైట్ ఇన్‌ఛార్జి అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. ఇల్లు ఆ పక్క ఊళ్లోనే, అతనికి బంద్ అడ్డం కాదు. "నీ గోడ బతికించిన, షుక్రియా చెప్పు" అన్నాడు. "నాలుగూ పగిలినయి. పొద్దుగాల్నే సిమెంట్ పాలు కొట్టించిన. మీద వెల్ల ఏస్తే ఎల్లుండి పరీక్షకు వచ్చే సార్‌కి ఏం ఎర్కైతది?"

శిక్షణలో మొదటి రోజు నేర్పిన పాఠం ఒక్కటే: సున్నపు గోడకి సిమెంట్ తగలనివ్వకూడదు. సున్నం చెమ్మని బయటికి వదులుతుంది, సిమెంట్ లోపలే బంధిస్తుంది. రెండు వానాకాలాలు పోతే పైపూత ఊడుతుంది, దాంతోపాటు వందల ఏళ్ల నాటి పనీ ఊడుతుంది. ఇది అతనికి తెలియక కాదు. జేబు మీద జై తెలంగాణ బ్యాడ్జి ఉంది. మన చరిత్రని తొక్కేశారని అంతకు ముందు వారమే మాకు గంటసేపు చెప్పిన మనిషి. నోటికొచ్చినట్టు తిట్టాను. అతను చాయ్ చల్లారిపోతుందన్నట్టు గ్లాసు వంక చూశాడు.

మాకు పని నేర్పిన మేస్త్రీకి ఫోన్ చేశాను. గుంటూరు వైపు మనిషి, ఇరవై ఏళ్లుగా బడంగ్‌పేట్‌లో ఉంటున్నాడు. అంతా విన్నాడు. "తడి మీదున్నప్పుడే గీకెయ్యాలమ్మా. రేపటికి రాయిలా అయిపోద్ది. కానీ గీకితే నువ్వు పూసింది కూడా వచ్చేస్తది. పరీక్ష పోద్ది. అది నువ్వే ఆలోచించుకో" అన్నాడు. మిగతా ముగ్గురికీ ఫోన్ చేశాను. మావి ముట్టుకోవద్దన్నారు ముగ్గురూ.

నాది గీకాను. మూడు గంటలు పట్టింది. సిమెంట్‌తో పాటు నా సున్నం పెచ్చులుగా రాలింది. ఏడుస్తూనే గీకాను, తిడుతూనే గీకాను. అడుగున పాత పూత దెబ్బతినలేదు. బావి నీళ్లు తోడి, గోనెలు తడిపి కప్పి వచ్చాను. తిరుగు ప్రయాణానికి కంకర లారీ దొరికింది, అరవై రూపాయలు.

మూడో రోజు పరీక్ష. పరీక్ష పెట్టే సార్, వెల్ల వేసి ఉన్న మూడు ముక్కల్నీ దూరం నుంచే చూసి బాగున్నాయన్నాడు, వేలితో తట్టనైనా లేదు. "ఆ మూడూ సిమెంట్ సార్" అన్నాను. "నీ గోడ గురించి మాట్లాడు" అని నాకు ఫెయిల్ రాశాడు. ముగ్గురూ ఉద్యోగంలో చేరారు. నేను మళ్లీ మూడు నెలలు నేర్చుకోవాలి. ఆ గోనెలు ఎత్తి, అడుగున చెక్కుచెదరని పాత పూత చూసినప్పుడల్లా చేసింది తప్పు కాదనిపించేది. కోపం మాత్రం తగ్గడం లేదు, తగ్గించుకోవాలనీ లేదు. రాష్ట్రం వస్తుంది, నాకు నమ్మకముంది. అప్పటికి ఆ మూడు ముక్కల వెనక గోడ ఉంటుందా అన్నదే నా బాధ.

మొన్న ఆదివారం మళ్లీ సున్నం పూశాను. కాపలా మనిషి తిరిగొచ్చాడు, కానీ ఇంకో బంద్ అంటున్నారు. అందుకే వెళ్లేవాళ్లకి ఒక్క సలహా: రెండు నీళ్ల సీసాలు తీసుకెళ్లండి. ఒకటి మీరు తాగడానికి. రెండోది, గేటు దాటగానే ఎడమవైపు గోనెసంచులు వేలాడుతున్న గోడ మీద, పై నుంచి మెల్లగా పొయ్యండి.