నాంపల్లి లీవు

నిన్న నాకు జరిగింది చెప్తే నవ్వుతరు. నవ్వుకోన్రి, ఫికర్ లేదు. కానీ ముందే చెప్తున్న, తప్పు నాది కాదు. తప్పంతా పని తొందరగా చేసిపెట్టిన సర్కారుది!

ఔ, మీరు సరిగ్గనే విన్నరు.

నేను పనిచేసే దుకాణం అబిడ్స్‌ల ఉన్నది. గుండీలు, లేసులు, జిప్పులు, చీర ఫాల్స్, టైలర్లకు కావాల్సినయన్నీ దొరుకుతయి. నేను బిల్లింగ్ కౌంటర్ల కూసుంట. మా ఓనరు రాజేశ్వర్ సారు మంచి మనిషే గానీ, లీవు అడిగితే చాలు, మొఖానికి షట్టర్ దించేస్తడు. జరమొచ్చిందంటే "గోలి ఏస్కో" అంటడు. చుట్టాల పెండ్లి ఉందంటే "భోజనాల టైంకు పో" అంటడు. ఒక్క మాటకు మాత్రం వెన్న లెక్క కరుగుతడు: "సార్, నాంపల్లిల సర్కారు ఆఫీసు పని పడ్డది."

అంతే! పొద్దంతా లీవు. ఎందుకంటె ఎప్పుడో దుకాణం కాయితాల కోసం ఆయన ఆ ఆఫీసుల మెట్లు ఎక్కి దిగి ఎక్కి దిగి, చెప్పులతో పాటు ఓపిక గూడ అరగదీసుకున్నడు. ఇప్పుడు ఆయన పనులన్నీ ఆడిటరే చూసుకుంటడు. అందుకే సారు మనసుల నాంపల్లి ఇంకా గప్పటి లెక్కనే ఉన్నది. మా స్టాఫంతా దీనికి 'నాంపల్లి లీవు' అని పేరు పెట్టుకున్నం. ఆశపడి పాడు చేసుకోకుండ, వంతుల వారీగా వాడుకుంటం.

నిన్న నా వంతు.

రజిత నా చిన్నప్పటి దోస్తు. వచ్చే వారం దాని పెండ్లి, ఆ తర్వాత షోలాపూర్ పోతది. ఇద్దరం తీరుబడిగ కూసొని మాట్లాడుకునేతందుకు మిగిలింది ఒక్క నిన్నటి దినమే. సరిగ్గ అదే దినం మా దుకాణంల స్టాక్ లెక్క! స్టాక్ లెక్క అంటే డబ్బాలన్నీ కుప్ప పోసి, ఒక్కొక్క గుండీ లెక్కవెట్టుడు. లీవు అడుగుడు తప్ప నాకు వేరే తొవ్వ లేదు.

పని మాత్రం నిజమే, దేవుని తోడు. నా బర్త్ సర్టిఫికెట్ల నా పేరు లేదు. మావోళ్లు నాకు పేరు పెట్టకముందే సర్టిఫికెట్ తెచ్చి బీరువల పెట్టిన్రు. అండ్ల 'ఆడశిశువు' అని మాత్రమే ఉన్నది. పేరు చేర్చుమని ఫోన్లనే అప్లై చేసిన. ఒకసారి వచ్చి ఒరిజినల్స్ చూపిస్తే చాలని స్లాట్ ఇచ్చిన్రు. ఆడ జర సేపు, తర్వాత మొజంజాహీ మార్కెట్ల రజితతోని ఐస్‌క్రీం, ఆడికెళ్లి హిమాయత్‌నగర్‌ల పెండ్లి షాపింగ్. అబిడ్స్ దిక్కు మాత్రం తల గూడ తిప్పద్దు. ఎంత మంచి ప్లాను!

సారును అడిగితే ఆయన కండ్లల్ల నీళ్లొక్కటే తక్కువ.

"పేరు చేర్చుడా! అయ్యో బిడ్డా... ఒక్కదానివి ఏం తిరుగుతవ్? నర్సింలును తోలుకపో."

కాక ఎంబడి వస్తే నా ప్లాను ఏం గావాలె?

నర్సింలు కాక మా దుకాణంల అందరికన్న పాత మనిషి. వెనకట ఏ ఆఫీసు పనైనా ఆయననే పంపేటోళ్లు. ఏ కిటికీకి ఎప్పుడు పోవాలె, ఏ సారు చాయ్ తాగొచ్చినంక మంచిగ మాట్లాడుతడు, అన్నీ ఆయనకు ఎరుకే. చానేండ్ల సంది ఎవరూ పంపలే. ఇప్పుడు మల్ల పిలుపు వచ్చేవరకు కాక మొఖం చూడాలె, పెండ్లికొడుకు గూడ గంత ఎలగడు!

"వద్దు సార్, కాకకు మోకాళ్ల నొప్పులు కదా..."

"ఏం నొప్పుల్లేవు. నడువు," అన్నడు కాక. అప్పటికే సంచి భుజానికి ఏసుకున్నడు. అండ్ల గమ్ము సీసా, ఇంకు ప్యాడు, దారం, సద్ది డబ్బా. పాత పేపర్లు గూడ ఉన్నయి.

"పేపర్లు ఎందుకు కాకా?"

"మెట్ల మీద పరుచుకోవద్దా? సాయంత్రం దాక కూసోవాలె గద!"

నాకు జర ధైర్యం వచ్చింది. సాయంత్రం దాక అని ఆయనే అంటున్నడు. ఏదో ఒక సాకు చెప్పి మధ్యల జారుకోవచ్చు.

ఆఫీసు లోపలికి పోయినం. మెట్ల మీద ఒక్క మనిషి లేడు. లోపల కుర్చీలు, గోడకు స్క్రీను, పైన ఫ్యాన్లు. వాకిట్ల ఉన్న ఒకాయన నా ఫోన్ల స్లాట్ చూసి, టోకెన్ ఇచ్చి, "కూసోన్రి" అన్నడు.

కాక నా చెవుల గుసగుసలాడిండు. "కూసోన్రి అన్నడే! మనం వేరే ఏడికన్న వచ్చినమా బిడ్డా?"

పేపర్లు పరుచుడు కాదు, సంచి కింద పెట్టకముందే స్క్రీను మీద నా నంబరు వచ్చింది. కౌంటర్ల నా ఈడు మేడం ఉన్నది. నా కాయితాలు చూసింది, కంప్యూటర్ల రెండు మూడు నొక్కులు నొక్కింది, నవ్వింది.

"అయిపోయిందమ్మా."

రజిత వచ్చేతందుకు ఇంకా మస్తు టైం ఉన్నది, కాక పక్కనే నిలబడ్డడు!

"గప్పుడే ఎట్ల అయితది మేడం? జిరాక్సులు వద్దా?"

"వద్దు. మీరు అప్‌లోడ్ చేసినయే ఉన్నయి."

"ఫోటోలు?"

"వద్దు."

"నోటరీ? ఎవరిదన్న సాక్షి సంతకం? ఈ కాక చేస్తడు, మంచిగ చేస్తడు."

"ఏమీ వద్దమ్మా."

"పోనీ... పెద్ద సారు లంచ్‌కు పోయిండా? వచ్చేదాక ఆగుత. నాకేం తొందర లేదు!"

"సారు గూడ ఆన్‌లైన్లనే అప్రూవ్ చేసిండు."

"మల్ల రేపు రమ్మంటరా?"

మేడం నా దిక్కు వింతగ చూసింది. "ఎందుకు?"

ఎందుకని ఏం చెప్త? సర్కారు ఆఫీసుల నిలబడి, మల్ల రమ్మనున్రి అని బతిమాలుకున్న మొదటి మనిషిని నేనే అయ్యుంట. గింతల నా ఫోన్ల టింగుమని మెసేజ్. తెరిస్తే సర్టిఫికెట్! 'ఆడశిశువు' పోయి, 'శ్రావణి' అని నీటుగ ఉన్నది.

కాక నా ఫోను రెండు చేతులతోని పట్టుకున్నడు. కండ్లద్దాలు తుడుచుకొని మల్ల చూసిండు.

"నా బిడ్డ సర్టిఫికెట్ కోసం ఎన్ని పొద్దులు తిరిగిన్నో నాకే యాది లేదు. ఒక్కడన్న కూసో అనలే." గంతే అన్నడు. మేడంకు చేతులెత్తి దండం పెట్టిండు. ఆమె గాబరపడి లేచి నిలబడి తను గూడ పెట్టింది. నా ప్లాను మునుగుతున్నా, నేను గూడ ఒక దండం పెట్టిన. ఆఖరికి మంచి రోజులు వచ్చినయి, సరే. కానీ నిన్ననే రావాల్నా?

బయటకు రాంగనే అన్న, "కాకా, నువ్వు అలిసిపోయినవ్. మార్కెట్ల ఐస్‌క్రీం తిని, జర నిమ్మళంగ పోదాం."

"నేనేం చేసిన అలిసెతందుకు? ఉండు, సారుకు చెప్పాలె."

"వద్దు కాకా, ఇంటికి పొయ్యినంక..."

అప్పటికే ఫోను కలిపిండు. రోడ్డంతా వినబడేటట్టు అరిచిండు. "సార్! అయిపోయింది! చాయ్ చల్లారేంత సేపు గూడ పట్టలే! కుర్చీ ఏసి కూసోవెట్టిన్రు సార్!"

ఫోన్లకెళ్లి సారు గొంతు నాకు గూడ వినబడ్డది. "నిజమా? అయితే ఎంటనే వచ్చేయిన్రి. గుండీలు గట్లనే ఉన్నయి."

దుకాణంల అడుగు పెట్టంగనే సారు మా అందరినీ నిలబెట్టిండు. నా ఫోన్ల సర్టిఫికెట్ చూసి, ఒక్కొక్కరికీ చూపించి, ఎంత మురిసిండో! ఆఖరికి అన్నడు, "మన సర్కారు గింత మంచిగ చేస్తుంటె మనమే ఎనకవడ్డం. ఇగ మీదట నాంపల్లి పనికి లీవు లేదు. అర్ధగంట పర్మిషన్ చాలు."

అందరి కండ్లు నా మీదనే. శుక్రవారం సునీతక్క వంతు. ఆమె చేతుల లేసు కట్ట ఉన్నది. దాంతోని నన్ను కట్టేస్తదేమో అనుకున్న.

"శ్రావణీ," అన్నది పండ్లు కొరుక్కుంట, "జర మెల్లగ నడిచి పోరాదే ఆఫీసుకు? బస్సు మిస్ చేసుకోరాదే?"

రజితకు ఫోన్ చేస్తే తిట్టని తిట్టు లేదు. "నీకు పేరు ఎందుకే? నా పెండ్లయినంక పెట్టుకుంటె ఏమైతుండె?" అని కట్ చేసింది.

కానీ అది రజిత! జర సేపటికి దుకాణంల దిగింది. సారు ముంగటనే నన్నెప్పుడూ చూడనట్టు, "పెండ్లి బ్లౌజుకు గుండీలు కావాలె, అన్ని రకాలు చూపించున్రి" అన్నది. కస్టమర్‌ను సారు ఏమనగలడు? నా ముందల స్టూలు ఏసుకొని కూసున్నది. నేను గుండీలు లెక్కపెట్టుడు, అది ఏరుడు. మధ్యల అత్తగారి ముచ్చట్లు, చిన్నప్పటి ముచ్చట్లు, నవ్వుడు, లెక్క తప్పుడు, మల్ల మొదటికెళ్లి. దుకాణం మూసే యాళ్లకు ఆరు గుండీలు కొన్నది.

"పొద్దంతా చూసి ఆరేనా తల్లీ?" అన్నడు సారు.

గప్పుడే నా ఫోన్ల మల్ల టింగు. 'మా సేవ ఎలా ఉంది? మెరుగుపరచుకోవడానికి మీ సూచన తెలపండి.'

సునీతక్క, కాక, రజిత, అందరూ నా చుట్టు మూగిన్రు. "రాయి," అన్నది సునీతక్క. "జర నిదానంగ చెయ్యిన్రి, మాకు గూడ సంసారాలున్నయి అని రాయి."

"ఏం అక్కెర లేదు, మేడంకు నా దండాలని రాయి," అన్నడు కాక.

నేను ఐదు చుక్కలు నొక్కి, 'చాలా బాగుంది, ఏ లోటూ లేదు' అని రాసి పంపిన. ఏం చేస్త చెప్పున్రి? పొద్దుగాల్ల నుంచి నేను చెప్పిన మాటలల్ల ఏ సాకూ కలవని నిజం అదొక్కటే.