బావ బండి వెనక దుమ్ము

ఇది పగ కథ. ఇందులో జూదం ఉంది, నలుగురి ముందు అవమానం ఉంది, ఏడాది రగిలిన ప్రతీకారం ఉంది. ఇంత చెప్పాక రథాలు, గుర్రాలు రావాలి. రావు. రెండు చెరుకు బండ్లు వస్తాయి. ఒకటి నాది, ఇంకొకటి మా అక్క మొగుడిది.

మా ఊరి నుంచి బోధన్ ఫ్యాక్టరీకి ఇద్దరం కలిసే చెరుకు తోలేవాళ్లం. ముందు బండివాడికి గాలి, వెనక బండివాడికి దుమ్ము. నిరుడు సీజన్ మొదట్లో, దారిలో ఎడ్లకు నీళ్లు తాపే చోట బావ పేక పత్తాలు తీశాడు. చెరో గుప్పెడు చింతగింజలు. గింజలు ముందుగా అయిపోయినవాడు సీజనంతా వెనక నడవాలి. మూడు ముక్కలాటలో నా గుప్పెడు ఖాళీ కావడానికి, ఎడ్లు నీళ్లు తాగినంత సేపు కూడా పట్టలేదు.

"బామ్మర్దీ, ఇగ నువ్వు నా బండికి తోకవు," అన్నాడు, అక్కడున్న బండ్లవాళ్లంతా వినేటట్టు.

ఆ సీజనంతా తోక దుమ్ము తిన్నది.

ఎండాకాలం వచ్చింది. దోస్తులు రమ్మీకి పిలిచినా పోలేదు. మూడు ముక్కలాట తప్ప మరొకటి ముట్టలేదు. పందెం చింతగింజలే. నేను గెలిచిన ఆస్తినంతా ఒకరోజు మా అవ్వ వేయించుకుని తినేసింది. సాయంత్రాలు బావ కూడా వచ్చి ఆడేవాడు. పత్తాలను వదిలేసి బావనే చదివాను. మంచి ముక్కలు పడితే నోరు మెదపడు. ఏమీ లేకపోతే మాత్రం ఇంటిల్లిపాది క్షేమం అడుగుతాడు.

మళ్లీ సీజన్, మళ్లీ అదే నీళ్ల తొట్టి. నా చేతిలో రెండు మూడులు, ఒక పనికిరాని ముక్క. బావ తన గింజలన్నీ ముందుకు తోశాడు.

"అవ్వకు మోకాళ్ల నొప్పులు తగ్గినయా?"

"తగ్గినయ్ బావా. గవి నీకొస్తయ్ గిప్పుడు. సూపియ్."

నా గింజలు కూడా తోశాను. బావ చేతిలో ఒకదానికొకటి చుట్టరికం లేని మూడు ముక్కలున్నాయి.

"తోక ఎవరు బావా?"

బావ తన బండిని పక్కకు జరిపాడు. నేను ముందు బండి మీద పెళ్లికొడుకులా కూర్చుని ఎడ్లను అదిలించాను. కదలలేదు. చెర్నకోల ఝళిపించాను. ఎడ్లు ఖాళీ దారిని ఒకసారి చూసి, మెడలు తిప్పి బావ బండి కోసం వెతికాయి.

"ఏంది బామ్మర్దీ, ముహూర్తం సూస్తున్నయా?"

వెనక బండ్లవాళ్లు దారి ఇవ్వమని తిట్టారు. బావ తన బండిని ముందుకు తోలాడు. నేను పగ్గం ముట్టకముందే నా ఎడ్లు దాని వెనక నడిచాయి.

నిరుడు సీజనంతా వెనక నడిచిన ఎడ్లకు ముందు నడవడం మళ్లీ నేర్పాలి.