పొయ్యి వెనక నల్లపలక

"నువ్వే చెత్తలో పారేసినావు. ఒప్పుకుంటే ఏం పోతుందమ్మా?"

"నేను దాన్ని కంటితో కూడా చూడలా. ఎన్నేండ్లు సాధిస్తావే నన్ను?"

మొన్న సాయంత్రం నా మనవరాలు పద్మకూ, దాని తల్లి, నా కోడలు కోటమ్మకూ మళ్ళీ అదే రగడ. నేను పొయ్యి ముందు చేపల పులుసు చూసుకుంటూ కూర్చున్నాను. వాళ్ళు కొట్లాడుకునే ఆ పలక, పద్మ చేసినది, ఎక్కడుందో నాకు తెలుసు. ఇన్నేళ్ళూ ఆ మాటను మింగలేక, కక్కలేక మోశాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి దాచకుండా చెబుతున్నాను.

పద్మ రాకెట్ మంటకు ఆగే సిరామిక్ పలకలు చేస్తుంది. మామూలు పింగాణీ వేడికి చిట్లిపోతుంది. లోపల వెంట్రుక కన్నా సన్నటి దారాలు నేసి పెడితే, పగులు వాటి దగ్గర ఆగిపోతుందట. చదువుకునే రోజుల్లో తన చేత్తో చేసిన మొదటి నల్లపలకను కాగితంలో చుట్టి తెచ్చి కిటికీలో పెట్టింది. అది నిప్పుకు నిలవదని వాళ్ళ సారు అన్నాడట.

నా కంటికి అది విరిగిన పెంకు. అప్పుడు మా పొయ్యి వెనక గోడ రాలిపోతోంది. కొత్త పొయ్యి దండగని, పలకను నిలబెట్టి మట్టి మెత్తాను. పద్మ వెతుక్కునేసరికి మట్టి ఆరిపోయింది. పిల్ల ఏడుస్తూ తల్లిని నిలదీసింది. నేను నోరు విప్పలేదు. భయమా? కాదు. వస్తువులు పాడుచేశారని ఈ ఇంట్లో అందరినీ తిట్టేదాన్ని నేనే. ఆ తిట్టు నా మీదికి రావడం ఓర్చుకోలేకపోయాను. తరువాత ప్రతి శుక్రవారం కోటమ్మ ఆ పొయ్యి అలికేది. తన నిందకు కారణమైన దాని మీదే తను మట్టి పూస్తుంటే చూస్తూ కూర్చున్న నేను మనిషినేనా?

మొన్న కోటమ్మ ఏడ్చింది. అంతకుముందు ఎప్పుడూ ఏడవలేదు.

"ఆపండే. తీసింది నేను. ఈ పొయ్యిలోనే ఉంది" అన్నాను. నాకు ఊపిరాడింది.

తెల్లవారి చల్లారిన పొయ్యి పగలగొట్టాను. మట్టి పొడిపొడిగా రాలింది. పలకను బూడిదతో తోమాను. ఇన్నేళ్ళ సరుగుడు కట్టెల నిప్పుకు ఒక్క బీట లేదు.

"మా కొలిమి ముందు నీ పొయ్యి ఏపాటి అవ్వా" అని నవ్వుతూనే, పద్మ దాన్ని ఎండలో తిప్పి తిప్పి చూసింది. "అయినా నిలిచింది, చూడు."

నిలిచింది. నా మనవరాలు చేసింది. తప్పు చేసినదాన్నని తెలిసీ నా ఛాతీ పొంగింది.

కోటమ్మ పలకను చూసింది, నన్ను చూడలేదు. మట్టి పిసికి పొయ్యికి కొత్త గోడ పెట్టసాగింది. నేను నీళ్ళచెంబు అందించాను. తీసుకుంది. మట్టిలో పోసుకుంది.