ఉప్పు కలిపిన పిండి

దెయ్యాల మాట ఎత్తితే మధ్యలోనే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. మా అమ్మ నల్గొండలో సర్కారు దవాఖానలో ఆయాగా పనిచేసేది. చిన్నప్పుడు సెలవుల్లో ఆమె వెంట వెళ్లి, శవాల గది గోడ పక్కన కూర్చుని చదువుకునేదాన్ని. అక్కడ నీడ ఉండేది, అంతే. అలాంటిదాన్ని ఇప్పుడు ఇది చెప్పడానికి కూర్చున్నాను. నమ్మమని ఎవరి కాళ్లూ పట్టుకోను. చూసిందీ విన్నదీ చెప్తాను.

ఇది తొంభైల మొదట్లో సంగతి. నాయిన అప్పటికే పోయాడు. ఇంట్లో అమ్మ, నేను, తమ్ముడు ప్రకాశ్. గడియారం సెంటర్ దగ్గర ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేను పిల్లలకు నేర్పేదాన్ని. తమ్ముడు అక్కడే నేర్చుకుని, టైపు హయ్యర్ పరీక్ష పాసై, ఉద్యోగం దొరికేదాకా అక్కడే కూర్చుని బయటివాళ్ల కాగితాలు టైపు చేసిపెట్టేవాడు. మిషన్లు బాగుచేసేది యూసుఫ్ భాయ్. మా ముగ్గురికీ ఆ మిషన్లంటే పిచ్చి. ఇంకో మాట లేదు దానికి.

సాయంత్రం బ్యాచీలు అయిపోయాక చాయ్ తెప్పించుకుని, ఎవరు కొత్తగా ఏం కనిపెట్టారో చెప్పుకునేవాళ్లం. అవేం పెద్ద సంగతులు కావు. మిషన్ కింద పాత గొంగడి ముక్క పరిస్తే చప్పుడు మెత్తబడుతుందని తమ్ముడు కనిపెట్టాడు. బిగిసిపోయిన మీటకు నూనె వేస్తే దుమ్ము పట్టి ఇంకా బిగుస్తుందని, పెన్సిల్ ముల్లు గీకి ఆ పొడి చల్లాలని యూసుఫ్ భాయ్ చెప్పాడు. స్పేస్ బార్ కింద సైకిల్ ట్యూబు ముక్క పెట్టింది నేను. దానికి వాళ్లిద్దరూ నన్ను వారం రోజులు మెచ్చుకున్నారు. అంత మెప్పు తర్వాత నా పెళ్లిలో కూడా దక్కలేదు.

పెద్ద తగువు మాత్రం పిండి దగ్గర వచ్చింది. అచ్చు అక్షరాల గుంటల్లో రిబ్బన్ సిరా, నూగు చేరితే కాగితం మీద అక్షరాలు మసి పూసినట్టు పడతాయి. గోధుమపిండి ముద్ద చేసి అక్షరాలకు అద్దితే ఆ మురికంతా ముద్దతో వచ్చేస్తుందని తమ్ముడు కనిపెట్టాడు. అంతవరకు బాగానే ఉంది. ముద్ద అతుక్కుంటోందని వాడు అందులో ఉప్పు కలపడం మొదలుపెట్టాడు. యూసుఫ్ భాయ్ తల పట్టుకున్నాడు.

"ఉప్పు తాకితె ఇనుము తుప్పు పడ్తది ప్రకాశ్. జర నా మాట విను."

"తర్వాత గాసునూనెతోని తుడుస్తున్న గద భాయ్. ఫికర్ జెయ్యకు."

నిజంగానే కిరోసిన్ గుడ్డతో తుడిచేవాడు. అయినా అది తప్పే. మిషన్ సంగతి తెలిసినవాడెవడూ చేయని పని. మా ఊళ్లో వాడొక్కడే చేసేవాడు. పిండి ఇంట్లోనే పిసికి తెచ్చేవాడు కాబట్టి అమ్మకూ తెలుసు. "కూరల వెయ్యమంటె మర్చిపోతవు, మిషన్లకు మాత్రం మంచిగ వేస్తవు" అని నవ్వేది.

ఇంకొకటి చెప్పాలి. చిన్నప్పుడు సైకిల్ చైనులో పడి వాడి ఎడమచేతి చిటికెన వేలు పైకణుపు తెగిపోయింది. 'ఏ' మీటను కొట్టాల్సింది ఆ వేలే. వాడు పక్క వేలు జరిపి కొట్టేవాడు, అందుకని 'ఏ' ముందర కొద్దిగా ఆలస్యం అయ్యేది. కళ్లు మూసుకున్నా ప్రకాశ్ కొడుతున్నాడని చెప్పగలిగేవాళ్లం. నీ టైపు కుంటుతది అని ఏడిపించేదాన్ని. పిండి అద్దాక, తుడిచే ముందు, రిబ్బన్ పక్కకు తప్పించి, మొదటి పాఠం 'ఏ ఎస్ డి ఎఫ్' ఉత్తగానే కొట్టి చూసుకునేవాడు. అంటే ప్రతి వరుసా ఆ కుంటుతోనే మొదలయ్యేది.

మార్చిలో మహబూబ్‌నగర్‌లో ఒక ఉద్యోగానికి టైపు పరీక్ష అని పొద్దున్నే బస్సెక్కాడు. దేవరకొండ మీదుగా వెళ్లే బస్సు. టిఫిన్ డబ్బాలో అమ్మ పులిహోర పెట్టింది. వాడు పరీక్షకు వెళ్లలేదు. తిరిగి రాలేదు.

ఆ రెండు నెలలు మేం తిరగని జాగా లేదు. దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల బస్టాండ్లలో ఫోటో పట్టుకుని డ్రైవర్లను, కండక్టర్లను, అరటిపండ్లు అమ్మేవాళ్లను అడిగాం. యూసుఫ్ భాయ్ పనులు మానుకుని నాతో తిరిగాడు. దర్గాలో చద్దరు మొక్కుకున్నాడు. అమ్మ చర్చిలో మోకాళ్ల మీద ఉండి లేచేది కాదు, పాస్టరమ్మ వచ్చి లేపుకుని ఇంటికి తెచ్చేది. పోలీసులు "వయసు పిల్లగాడు, ఎవర్తినో తీస్కోని పోయుంటడు, వస్తడు తియ్యి" అన్నారు. ఆ మాటకు కోపం రావలసింది పోయి, అదే నిజం కావాలని నేను దేవుణ్ణి వేడుకున్నాను. ఎవర్తినైనా తీసుకుపోనీ, మాకు మొహం చూపించకపోనీ, బతికుంటే చాలనుకున్నాను.

మే నెలలో ఇన్‌స్టిట్యూట్‌కు సెలవులిచ్చారు. ఓనర్ సారు కుటుంబంతో ఊరికి వెళ్లాడు. ఒక తాళంచెవి ఆయన దగ్గర, ఒకటి యూసుఫ్ భాయ్ దగ్గర. తిప్పి తిప్పి మా దగ్గరున్న ఫోటో నలిగిపోయింది. తమ్ముడి పాస్‌పోర్టు ఫోటోలు ఇంకా కొన్ని ఇన్‌స్టిట్యూట్ సొరుగులో ఉన్నాయని గుర్తొచ్చి, ఒక మధ్యాహ్నం నేను, యూసుఫ్ భాయ్ వెళ్లాం. నల్గొండ ఎండ సంగతి తెలిసిందే. బజారులో కుక్క కూడా లేదు.

మెట్లెక్కి తలుపు ముందుకు వచ్చాం. తాళం వేసే ఉంది. లోపల టైపు వినిపిస్తోంది.

నేను యూసుఫ్ భాయ్ మొహం చూశాను. ఆయన నా మొహం చూశాడు. కొద్దిగా ఆలస్యం, ఆ తర్వాత 'ఏ'. వెంటనే మిగతావి చకచకా. మళ్లీ కొద్దిగా ఆలస్యం. కింద గొంగడి ముక్క ఉన్న మిషన్ చప్పుడు అది.

"మనోడే, చెల్లె," అన్నాడు యూసుఫ్ భాయ్, పెదవులు మాత్రం కదిపి.

భయం వేయలేదు నాకు. అది మాత్రం ఒట్టేసి చెప్తాను. ఒళ్లంతా సంతోషమే. పిచ్చోడు ఎక్కడెక్కడో తిరిగి, ఇంటికి రావడానికి మొహం చెల్లక ఇక్కడ దాక్కున్నాడనుకున్నాను. లోపలికి పోయి ముందు రెండు దెబ్బలు వేద్దామనుకున్నాను. యూసుఫ్ భాయ్ చేతిలోంచి తాళంచెవి లాక్కుని నేనే తీశాను. తలుపు తోయగానే చప్పుడు ఆగింది.

లోపల ఎవరూ లేరు. ఉన్నది ఒకటే గది, ఒకటే తలుపు. కిటికీలకు ఇనుప చువ్వలు, లోపలి నుంచి గడియ వేసి ఉన్నాయి. బల్లల కింద చూశాం, బీరువా వెనక చూశాం. పేరు పెట్టి పిలిచాను కూడా. మిషన్లన్నింటికీ ముసుగులున్నాయి, వాడు కూర్చునేదానికి తప్ప. దాని రిబ్బన్ పక్కకు తప్పించి ఉంది. పక్కన కాగితం ముక్క మీద పిండి ముద్ద.

మిషన్‌లో కాగితం ఏమైనా ఉందేమోనని వెతికాను. రోలర్ తిప్పి చూశాను, చెత్తబుట్ట బోర్లించాను. ఒక్క మాట రాసినా చాలని వెతికాను. ఏమీ లేదు. ముద్ద మీద మాత్రం అక్షరాలు తిరగేసి అచ్చుపడి ఉన్నాయి. వాటిలో ఏ మాటా లేదు, మురికి తీయడానికి అద్దిన అక్షరాలంతే.

ముద్దను పట్టుకున్నాను. మెత్తగా ఉంది. మే నెల ఎండలో, మూసిన గదిలో, పిండి గంటసేపు మెత్తగా ఉండదు. రొట్టెలు చేసే ఆడదాన్ని, ఆమాత్రం నాకు తెలుసు. గాసునూనె వాసన మాత్రం లేదు.

దాన్ని తడిగుడ్డలో చుట్టి ఇంటికి తీసుకుపోయాను. అమ్మకు చూపించకుండా ఉండలేకపోయాను. ఆమె గుడ్డ విప్పింది. కొంచెం గిల్లి నోట్లో వేసుకుంది.

"ఉప్పుంది," అంది. "వాడే పిసికిండు బిడ్డా. నా కొడుకు బతికే ఉన్నడు."

అలా అంటూనే మిగతా ముద్ద కూడా తీసుకుని తినేసింది. సిరా మరకలతో సహా. నేను చెయ్యి పట్టుకుని గుంజేలోపే అయిపోయింది. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఎవరికైనా చూపించడానికి నా దగ్గరున్నది అదొక్కటే. అమ్మ మీద అరిచాను. ఆమె మూతికి సిరా అంటి ఉంది. రెండు నెలల తర్వాత ఆ రోజే అడిగి అన్నం పెట్టించుకుంది.

జూన్‌లో పోలీసులు పిలిచి ఒక ఫోటో చూపించారు. దేవరకొండ అవతల చెరువులో దొరికిన శవం, ఎవరూ రాకపోతే వాళ్లే పూడ్చిపెట్టారు. చొక్కా మేం కుట్టించిందే. ఎడమచెయ్యి చిటికెన వేలికి పైకణుపు లేదు. దొరికింది వాడు బస్సెక్కిన వారంలోపే.

ఇది మా తమ్ముడు కాదు, మొన్న మే నెలలో కూడా పిండి కలిపాడు అని చెప్పడానికి నోరు తెరిచాను. ఎదురుగా కానిస్టేబుల్ చాయ్ తాగుతున్నాడు. నా మాట నాకే వినిపించినట్టయింది. నోరు మూసుకున్నాను.

అమ్మ ఆ ఫోటో చూడలేదు. చర్చిలో జ్ఞాపకార్థ ప్రార్థన పెట్టనివ్వలేదు. "సచ్చినోడు పిండి పిసుకుతడానే?" అని నన్నే అడిగేది. తను పోయేదాకా రోజూ వాడికి ఒక అన్నం ముద్ద తీసిపెట్టేది.

ఓనర్ సారు ఆ సెలవుల్లో ఊరి నుంచి కదలలేదు. యూసుఫ్ భాయ్ ఆ రోజంతా పొద్దున్నుంచి నాతోనే ఉన్నాడు, పైగా ఆయన ప్రాణం పోయినా మిషన్‌కు ఉప్పు తాకనివ్వడు. ఇంకెవరు? నాకు తెలియదు. ఇప్పటికీ దెయ్యాలను నమ్మను. నమ్మి ఉంటే వాడు పోయాడని కూడా ఆ గదిలోనే ఒప్పుకోవాల్సి వచ్చేది.

కంప్యూటర్లు వచ్చి ఇన్‌స్టిట్యూట్ మూసేశాక ఆ మే నెల మధ్యాహ్నం నుంచి నేను ఎవరినీ ముట్టనివ్వని ఆ మిషన్‌ను యూసుఫ్ భాయ్ మా ఇంటికి తెచ్చిపెట్టాడు. ఆ రోజు పిండి అద్దాక గాసునూనెతో ఎవరూ తుడవలేదు కదా, అక్షరాలు తుప్పు పట్టాయి. వచ్చినప్పుడల్లా తుడుస్తానంటాడు.

"ఖరాబైతాంది చెల్లె. ఒక్క పది నిమిషాల పని."

నేను చెయ్యి పెట్టనివ్వను. ముద్ద అమ్మ తినేసింది. మిగిలింది ఆ తుప్పే. ఒక్కోసారి అనిపిస్తుంది, వాడు తుడిచే పని ఇంకా మిగిలి ఉండగానే మేమే తొందరపడి తలుపు తీశామేమోనని. తీయకుండా బయటే నిలబడి ఉంటే, ఇంకో నాలుగు వరుసలు వినేదాన్ని.