మామగారి ముక్కు, అల్లుడి వేషాలు

కమలాకర్ ఇంట్లోకి అడుగు పెట్టాలంటే ముందు ఆయన ముక్కును దాటాలి. ఫిల్మ్‌నగర్‌లో సినిమా దుస్తులు అద్దెకిచ్చే మనిషాయన. వాపసొచ్చిన కోటును ఒక్కసారి వాసన చూసి, దాన్ని వేసుకున్న హీరో పక్కన ఎంతమంది సిగరెట్లు కాల్చారో చెప్పేస్తాడు. మనవరాలు పుట్టిన రోజు నుంచి ఆ ముక్కు గేటు దగ్గర కాపలాకు కూర్చుంది.

పొగ వాసనొస్తే ఎంతవారైనా గేటు బయటే. సొంత తమ్ముడొస్తే ఊచల సందులోంచే పలకరించి, ఉప్మా ప్లేటు కూడా ఆ సందులోంచే అందించాడు. ఫ్యాను బాగుచేయడానికొచ్చిన మేస్త్రీని తిప్పి పంపేసి, ఇంటిల్లిపాది చేతా మూడు రోజులు విసనకర్రలు ఊపించాడు.

ఒక్క అల్లుడు నాగసాయి దగ్గరే చిక్కొచ్చింది. అతను సీరియళ్లకు మాటలు రాస్తాడు. సిగరెట్ లేనిదే మాట పుట్టదు. పురిటికి పుట్టింట్లో ఉన్న భార్య స్ఫూర్తికి మాత్రం, ఆమె కడుపుతో ఉన్నప్పుడే మానేశానని మాటిచ్చాడు.

"వీధి చివర తాగానండీ మామయ్యా! పొగ అక్కడే ఉండిపోయింది."

"ఉండలే. నీ కాలర్ పట్టుకొని ఇంటిదాకా వచ్చింది."

"ఇంటి దగ్గరైతే బాల్కనీలోనే తాగుతానండీ, తలుపు మూసి."

"పొగకు తలుపు సందు తెల్వదా? పసిదాని ఊపిరి గింతుంటది. నువ్వు పీల్చి పారేసింది అది పీల్చాల్నా?" అని అల్లుణ్ని ఎగాదిగా చూశాడు కమలాకర్. "అల్లుడివైతివి, వాపసు పంపలేను. పోయి నోరు పుక్కిలించి, మొహం చేతులు కడుగు. చొక్కా ఇప్పు. లోపల వేలాడే అద్దె బట్టలల్ల ఏదన్న తొడుక్కో."

ఆ రోజు నాగసాయి కొమ్ముల రాక్షసరాజు వేషంలో కూతుర్ని ఎత్తుకున్నాడు. మరుసటి వారం మహర్షి. ఆ పై వారం ముత్యాల సరాల గంధర్వుడు.

పాపకు ఐదో నెలలో తల్లీబిడ్డలను వెంగళరావు నగర్‌లోని తన ఇంటికి తీసుకుపోవాలి. మామది ఒకటే షరతు: "నీ సొంత అంగితోని గేటు దాటు. ఆ దినమే తీస్కపో." ఈలోగా ఆయన ఎక్కడ నోరు జారి సిగరెట్ సంగతి స్ఫూర్తికి చెప్పేస్తాడోనని నాగసాయికి గుండెల్లో రైళ్లు.

సాయంత్రం కొండ మీది గాలికి ఆ ఇంట్లో వేలాడే పట్టుబట్టలన్నీ మెల్లగా ఊగేవి. నీలం అంగరఖా మీది చమ్కీ వెలుగు గోడలంతా నక్షత్రాలై తిరిగేది. పాప వాటిని చూస్తూ చూస్తూ గంధర్వుడి భుజం మీద నిద్రపోయేది. ఆ చిన్న ఊపిరి అతని మెడకు వెచ్చగా తగిలేది. పాన్ డబ్బా ముందు నిలబడ్డా మెడ మీద అదే వెచ్చదనం. జేబు దాకా పోయిన చెయ్యి మెల్లగా వెనక్కొచ్చేసేది.

ఒకనాడు తన తెల్లచొక్కాతోనే గేటు ముందు నిలబడ్డాడు. కమలాకర్ కాలర్ చూశాడు, వేళ్లు చూశాడు, జుట్టు చూశాడు.

"ఏం వాసనొస్తోంది మామయ్యా?"

"ఇస్త్రీ వాసన. లోపలికి నడువు."

పాప అతన్ని చూడగానే కెవ్వుమంది.

స్ఫూర్తి పకపకా నవ్వింది. "వేషం లేకుంటే గుర్తుపడతలేదు! పాపను నవ్విస్తా, వారానికో వేషమియ్యండని నువ్వే నాన్నను బతిమిలాడినవంట గద? గిట్లాంటి తండ్రి ఎక్కడుంటడని అందరికీ చెప్పుకొని మురుస్తుండు."

నాగసాయి గుమ్మం వైపు చూశాడు. మామగారు పాల ప్యాకెట్‌ను మహా శ్రద్ధగా వాసన చూస్తున్నాడు.

"అట్ల చూస్తవేంది?" అన్నాడు తలెత్తకుండానే. "బిడ్డ ఏడుస్తుంది. జల్ది పోయి కొమ్ములు పెట్టుకో."

ఆ సాయంత్రమే తల్లీబిడ్డలతో వెంగళరావు నగర్ పోతుంటే, జూబ్లీహిల్స్ సిగ్నల్ దగ్గర ఆటో డ్రైవర్ బీడీ తీసి పెదాల మధ్య పెట్టుకున్నాడు. అద్దంలో, నిద్రపోతున్న పసిపిల్లను గుండెకు హత్తుకున్న రాక్షసరాజు కొమ్ములు ముందుకు వంచి చూస్తున్నాడు. బీడీ గబుక్కున జేబులోకి వెళ్లిపోయింది.